బూడిద క్యాసెట్ల మా పెద్దబాపు

మా పెద్దబాపు పోయి నెల మాసికం కూడ కాలే, ఆయన మగ్గం చప్పుడును తుడిచేసిండ్రు. తుడిచింది దొంగలు కాదు, పగోళ్లు కాదు. ఆయన సోపతిగాడు, భువనగిరిల ఉండే రిటైరు లెక్చరర్ సారు. క్యాసెట్‌ను హైదరాబాద్ పంపి, కంప్యూటర్‌ల పెట్టించి, మగ్గం చప్పుడు తీపిచ్చి, వాట్సాప్ గ్రూపుల ఏసిండు. కింద రెండు చేతులు జోడిచ్చిన బొమ్మ. "మన మిత్రుని జ్ఞాపకార్థం, అనవసర శబ్దాలు తొలగించి" అని రాత. అనవసర శబ్దమట. గా శబ్దమే మా పెద్దబాపు.

చదివేటోళ్లకు మొదటికెల్లి చెప్తేనే నా కోపం సమజైతది.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. రామన్నపేట దగ్గర మా ఊర్ల గుంట మగ్గం మీద బతుకంత నేసిండు. మొన్న ఒక పొద్దున చాయి తాగి, మగ్గం గుంటల కాళ్లు దించి, ఎద పట్టుకున్నడు. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే అయిపోయింది. నేను చౌటుప్పల్ దిక్కు కంపెనీల కాంట్రాక్ట్ పని చేస్త, అప్పుడు షిఫ్టుల ఉన్న. పెద్దమ్మ ఫోన్ చేసింది. ఏడ్వలే. "మగ్గం ఆగిందిరా" అన్నది. నాకు సమజైంది. మిషన్ బంద్ చేసి బయటికి నడిస్తే సూపర్‌వైజర్ ఎటు అని అడిగిండు. ఆయనకు ఏం చెప్పిన్నో ఇక్కడ రాస్తే అచ్చెయ్యరు.

మీరు నమ్మరు గని, మా పెద్దబాపు మగ్గం మీద కూసుండి ఇనేది లండన్ దిక్కోళ్ల పాటలు. భజనలు ఇనకపోతుండెనా అంటే ఇంటుండె. బతుకమ్మ పాటలకు తలకాయ కూడ ఊపుతుండె. గని నాడె, అంటే పోగును అటు ఇటు మోసే పనిముట్టు, చేతికొచ్చిందంటే గా తెల్లోళ్ల మేళమే మోగాలె. ఒక్కో పాట క్యాసెట్‌కు ఒక దిక్కంత ఉంటది. నడుమల తాళం తిరుగుతది, ఏడు దెబ్బలైతది, మళ్ల ఇంకో తీరైతది, ఒక్కోసారి పాట అయిపోయిందనుకుంటే అప్పుడే మొదలైతది. గసొంటి దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటరని నాకు ఫోన్ చేతికొచ్చినంకనే ఎర్కైంది. పెద్దబాపు మాత్రం ఎన్నడో పేరు పెట్టిండు, పొడుగు పాట అని. ఉషారుంటే పడుగు పాట అంటుండె. పడుగంటే మగ్గం మీద పొడుగ్గ సాపిన నూలు. పడుగును నడుమల కత్తిరిస్తరా, గట్లనే పాటను ముందటికి ఉరికియ్యొద్దు అని, టేపు రికార్డర్‌ల ఫార్వర్డ్ బటన్ మీద సున్నం రాసి పెట్టిండు. ఎవ్వలన్న నొక్కితే ఏలు తెల్లగైతది, దొరుకుతరు. వాడల పోరగాండ్ల ఏళ్లు రోజు చెక్ చేస్తుండె.

మేళం పేరు ఈడ రాస్తలేను. రాసినా మా వాడల ఎవ్వలికి సక్కగ పలుకరాదు. లండన్ మేళం అంటే అందరికి తెలుస్తది.

గా క్యాసెట్లు తెచ్చింది రామన్నపేటల రేడియోలు, టేపులు రిపేర్ చేసే చాచా. చాచా బామ్మర్ది దుబాయిల ఉండి, సెలవుకు వచ్చినప్పుడల్ల తెచ్చి, పోయేటప్పుడు మళ్ల తీస్కపోతుండెనట. తీస్కపోయే లోపల చాచా కాపీ కొట్టి పెడుతుండె. లెక్చరర్ సారు అప్పట్ల రామన్నపేట కాలేజీల ఉండె. చెడిపోయిన టేపు పట్టుకొని దుకాణంకు పోయి, మోగుతున్న పాట ఇని, టేపు సంగతి మర్చిపోయి ఆడనే స్టూల్ మీద కూసున్నడట. పెద్దబాపు అప్పటికే ఆడ కూసుండి ఇంటున్నడు, నాడు కలిసిన ముగ్గురు మళ్ల ఇడువలే. గిదంత నేను పుట్టకముందటి ముచ్చట.

నేను చూసింది వాళ్ల కొట్లాట. ముగ్గురిది ఒక్కటే కొట్లాట, ఏండ్లకేండ్లు. గా మేళంల పాడే ఆయన ఒకడుండె. మావోళ్లు గొంతాయన అంటుండ్రి. మంచిగ పేరొచ్చినంక ఆయన మేళంను ఇడిచిపెట్టి పోయిండు. పోయినంక మిగిలినోళ్లు ఇంకొన్ని క్యాసెట్లు తీసిండ్రు. అండ్ల ఏది గొప్పది? గిదీ పంచాది.

చాచాది ఒకటే మాట. గొంతాయన పోయినంక ఏదీ లేదు, ఖతం, గవన్ని ఖాళీ డబ్బాల మోత. సారు లేదు లేదంటడు. గొంతాయన పోంగనే తీసిన మొదటి క్యాసెట్టే గొప్పది, అండ్ల పోయినోని బాధున్నది అంటడు. దానికి చాచా నీలం కాయితం అంటిపెట్టిండు గనుక నీలం క్యాసెట్ అంటం. పెద్దబాపు ఇద్దర్ని ఒప్పుకోడు. దాని తర్వాతొచ్చిన బూడిద రంగు కాయితం క్యాసెట్ అంటడు. బాధ అందరు పడ్తరు, బాధ అయిపోయినంక పనికి కూసున్నోళ్లదే గొప్ప అంటడు.

కొట్లాటకు దినం అమాస. మా దిక్కు అమాసనాడు మగ్గం దిగరు, సాలెల వాడ మొత్తానికి సెలవు. సారు భువనగిరికి ఇల్లు మార్చినంక కూడ అమాస తప్పకుండ రైలెక్కి దిగుతుండె. చాచా దుకాణం బంద్ చేసి వస్తుండె. అరుగు మీద సాప, సాప మీద టేపు, పక్కన ఉడికిచ్చిన బొబ్బర్లు. సారు పాటల మాటలకు అర్థం చెప్పవోతే పెద్దబాపు చెయ్యి అడ్డం పెడ్తుండె. అర్థం చెప్పకుండ్రి సారూ, ఖరాబైతది అని. పెద్దమ్మ రాట్నం మీద కండెలు చుట్టుకుంటనే అన్ని ఇంటుండె. కండె అంటే నాడెల పెట్టే నూలు చుట్టిన పుల్ల. ఆమె అమాసనాడు కూడ చెయ్యి ఆపది. గొంతాయన ఎందుకు పోయిండని మొగోళ్లు బాగా ఇరుసుకపడుతుంటే ఆమె ఒక్కటే అడిగింది, ఏరుపడ్డప్పుడు ఆయన పాలు ఆయనకు సక్కగ పంచిచ్చిండ్రా లేదా అని. దాని జవాబు కోసం సారు లైబ్రరీల కూడ ఎతికిండట, దొరకలే.

గీ కొట్లాట ఉత్త పాటలదేనని నేను చిన్నప్పుడు అనుకున్న. కాదు. మా బాపు, పెద్దబాపు ఒక్క మగ్గం మీద పనోళ్లు. మా బాపు చిటికి కడ్తుండె, అంటే నూలు మీద డిజైన్‌కు ముడులేసి రంగు అద్దుడు. ఆయన చేతిల పువ్వు ముడి ఇప్పితే నిజంగ పువ్వు లెక్కనే ఉంటుండె. నన్ను బడికి పంపాలని ఆయన మగ్గం ఇడిచి యాదగిరిగుట్ట మీద లాడ్జిల పనికి కుదిరిండు. పెద్దబాపు ఒక్కడే మిగిలిండు. చిటికి ఆయనకు సక్కగ రాదు. సాదా చీరెలు, గీతల చీరెలు నేసిండు. వాడల అందరన్నరు, తమ్ముడు పోయినంక అన్న బట్టల పస పోయింది అని. పెద్దబాపు ఒక్కసారి కూడ మా బాపును తప్పు పట్టలే. అమాసనాడు బూడిద క్యాసెట్ ఏసి గట్టిగ వాదిస్తుండె, గంతే. ఆయన మాట ఒకటి మా ఇంట్ల సామెత లెక్క నిలిచింది. "పోయినోన్ని తల్సుండ్రి. ఉన్నోళ్లను ఇనుండ్రి."

ఇగ బూడిద క్యాసెట్ సంగతి. అండ్ల ఒక వింత ఉండె. పాట నడుమల కట్టె మీద కట్టె కొట్టినట్టు ఒక వాయింపు వస్తది. టకా, టక్, టకా, టక్. పాట ఉరికితే ఉరుకుతది, పాట నిమ్మళమైతే నిమ్మళమైతది. నీలం క్యాసెట్‌ల అది లేదు. గొంతాయన ఉన్నప్పటి వాటిల్లనూ లేదు. అందుకే ముగ్గురు కలిసి తీర్పు చేసిండ్రు, మేళంల కొత్తోడు ఒకడు చేరిండు అని. కట్టె వాయించేటాయన అని పేరు పెట్టిండ్రు.

సారుకు గాయనంటే పడదు. పాటకు అడ్డమొస్తడు, ఎక్కువ చేస్తడు, ఒద్దిక లేదు అంటడు. పెద్దబాపుకు గాయనంటే పానం. గొంతు పోయిన జాగల చెయ్యి వచ్చింది సారూ, చూడుండ్రి, ఎంత నిలకడున్నదో అంటుండె. తాళం పట్టుకుంటే ఇడువడు, దమ్మున్న మనిషి, కష్టం తెలిసిన మనిషి అంటుండె. రెండో దిక్కు నడుమల ఒక జాగల గా కట్టె మోత గబుక్కున ఆగుతది. పాట నడుస్తనే ఉంటది, కట్టె ఉండది. కొంచెం సేపటికి మళ్ల సరిగ్గ తాళం మీదనే అందుకుంటది. గా జాగ వస్తే సారు కూడ కండ్లు మూసుకుంటుండె. గాయన ఎక్కువ చేస్తడు గని, గీ ఒక్క మౌనం మాత్రం పండితుని పని అని ఒప్పుకుంటుండె. దాని మీద ఒకసారి చిన్న ఉపన్యాసమే ఇచ్చిండు. అరుగు మీద ఉన్నోళ్లందరు ఇన్నరు, నేను కూడ ఇన్న. మస్తు నచ్చింది నాకు.

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు నేను కంపెనీల చేరి ఫోన్ కొన్న. మొదటి అమాసకే అరుగు మీద కూసుండి లండన్ మేళంను ఫోన్ల ఎతికిన. దొరికింది. బూడిద క్యాసెట్ పాటలు అన్ని ఉన్నయి. పెట్టిన. కట్టె లేదు.

మొత్తం పెట్టిన. కట్టె వాయించేటాయన ఏడా లేడు. చాచా అన్నడు, సస్తా ఫోన్ ఇది, కట్టె చప్పుడు పట్టది అని. సారు అన్నడు, తర్వాత మార్చి ఏసి ఉంటరు, ఆయన్ను తీసేసి ఉంటరు, మేళంల రాజకీయాలు మీకు తెల్వయి అని. పెద్దబాపు మొకం చిన్నగైంది. గంత పనిమంతున్ని తీసేస్తరా అని నిజంగనే బాధపడ్డడు. నన్ను టేపుల క్యాసెట్ ఏసి, పక్కకు ఫోన్ పెట్టి, రెండు కలిపి ఇనిపిచ్చుమన్నడు. ఏసిన. రెండో దిక్కు, కట్టె ఆగే జాగ వచ్చింది.

పెద్దమ్మ రాట్నం ఆపింది. "గది మన మగ్గమే గదనయ్యా. గాడ పోగు తెగింది, నువ్వు అతుకేస్తున్నవ్."

పెద్దబాపు టేపు దగ్గరికి చెవు పెట్టిండు. మళ్ల తిప్పుమన్నడు. మళ్ల ఇన్నడు. గా మౌనం లోపల, సన్నగ, ఆయన సొంత గొంతు ఉన్నది. తెగిన పోగును తిట్టుకుంటున్నడు. గన్ని ఏండ్లు పాట మధ్యల లండనోళ్లు ఏదో గొణుగుతున్నరు అనుకున్నం మేము.

చాచా నెత్తి పట్టుకున్నడు. అప్పుడు బయటపడ్డది అసలు సంగతి. బామ్మర్ది దుబాయి పోయే నాడు చాచా దుకాణంల కాపీ కొట్టే మిషన్ పాడైంది. రెండు టేపులు ఎదురెదురు పెట్టి కాపీ కొడదామంటే దుకాణం బస్టాండ్ పక్కన, హారన్లు పడ్తయి. సప్పుడు లేని జాగ కావాలని రెండు టేపులు సంకల పెట్టుకొని మా పెద్దబాపు ఇంటికి వచ్చిండు. పెద్దబాపు మగ్గం మీద కూసుండి, చేతిల నాడె ఆడుతుంటే, నిమ్మళంగ చెప్పిండట, మా ఇంట్ల ఏం చప్పుడు లేదు భాయ్, ఈడనే పెట్టుకో అని. చాచా పెట్టి పండుకున్నడట. సాలెల ఇంట్ల మగ్గం చప్పుడు చప్పుడు కిందికి రాదు. ఎద కొట్టుకునేది ఎవ్వలికి ఇనపడ్తది? పైగ చాచా గొంతాయన పోయినంక తీసినయి మనసు పెట్టి ఇనడు, అసలుదాన్ని, కాపీని సరిచూడకుండనే ఇచ్చిండు. పెద్దబాపు పాట ఇనుకుంట నేసిండు గనుక చేతులు పాట ఎంబడే పోయినయి. గందుకే గంత కుదిరింది.

ఇగ నవ్వుడు మొదలైంది. వాడ వాడంత వచ్చింది. చాచా ఊర్ల తిరిగి చెప్పిండు, మా భాయ్ ఇన్నేండ్లు పొగిడింది తననే అని. పోరగాండ్లు పెద్దబాపును లండన్ మేళమాయన అని పిలుచుడు పెట్టిండ్రు. రేషన్ దుకాణంల కూడ గదే పేరు. ఆయన కోపం చెయ్యలే. అంగి గుండీలు పెట్టుకొని పిలిచినోని దిక్కు చెయ్యి ఊపుతుండె.

సారు మాత్రం చేతికి దొరికిన మోకను ఇడువలే. ఇగ బూడిద క్యాసెట్ లెక్కల లేదు, పోటీల కెల్లి ఎల్లిపోయింది, నీలమే గెలిచింది అన్నడు. పెద్దబాపు బొబ్బర్లు నమిలి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పిండు. "నేనని తెల్వక ముందు మెచ్చుకున్న సారూ. తెల్వక ముందటి మెప్పే మెప్పు."

సారు అయినా ఒప్పుకోలే. గాడికెల్లి ప్రతి అమాస గదే కొట్లాట, కొత్త తీరుగ. బూడిద క్యాసెట్ లండనోళ్లదా, మా ఊరోళ్లదా? ఇద్దరు కలిసి చేసినదాన్ని ఎవ్వల ఖాతాల ఎయ్యాలె? నేను చిన్నప్పటికెల్లి వీళ్ల కొట్లాట ఇనుకుంటనే చదువుడు నేర్చుకున్న, వాదించుడు నేర్చుకున్న. ఇంటర్ నడుమల ఇడిచిన నాకు కాలేజ్ గా అరుగే. సారు కూడ నాకు మస్తు చెప్పిండు, అబద్ధమాడ. పుస్తకాలు ఇచ్చిండు, చదివి తిరిగియ్యకపోతే తిట్టిండు. గందుకే కోపం రెండింతలైంది.

పెద్దబాపును సాగదోలిన నాడు సారు గోడకు ఆనుకొని చిన్నపోరని లెక్క ఏడ్చిండు. పోయేటప్పుడు పెద్దమ్మను అడిగి క్యాసెట్ తీస్కపోయిండు. రీలు పాతదైంది, మంచిగ కాపీ చేపిచ్చి తెస్త అన్నడు. పెద్దమ్మ కొంగుతోని తుడిచి ఇచ్చింది. తర్వాత గ్రూపుల గా రికార్డింగ్ వచ్చింది. నేను కంపెనీ క్యాంటీన్‌ల బువ్వ తినుకుంట ఇన్న. పాట మెరిసిపోతుంది. కట్టె లేదు. రెండో దిక్కు గా జాగ వరకు ఆగిన. పోగు తెగలే. తెగుడుకు మగ్గమే లేదు. ఆయన గొణుగుడు లేదు. ప్లేటు ఆడనే ఇడిచిన.

సారుకు ఫోన్ చేసిన. ఆయన సంతోషంగనే ఎత్తిండు. ఎంత శుభ్రంగ వచ్చిందో చూసినవా, ఇప్పుడు అసలు పాట వినిపిస్తుంది అన్నడు. నేనన్న, అసలు పాట ఫోన్ల ముందే ఉన్నది గద సారూ, దాని కోసం పెద్దబాపును కడుగుడెందుకు అని. ఆయన, క్యాసెట్‌ల ఉన్నది గొడవ పాట అయ్యా, అట్లనే పోతే రేపు ఎవ్వలన్న ఇని ఇదేం రికార్డింగ్ అంటరు, మన మనిషిని నవ్వుతరు అన్నడు. అసలు క్యాసెట్ ఏది అంటే హైదరాబాద్ స్టూడియో పిల్లగాని దగ్గర ఉన్నది, తెప్పిస్త, తొందరేముంది అన్నడు. గాడికెల్లి ఫోన్ ఎత్తుతలేడు.

సారూ, మన మనిషిని నవ్వుతరని మీకు ఫికరా? ఆయనను చూసి రామన్నపేట మొత్తం నవ్వింది. ఆయన కూడ నవ్విండు. గా నవ్వు మీద ఆయన ఏండ్లు బతికిండు. కొట్లాట గెలువనీకి తుడిపిచ్చినరని వాడల కొందరంటున్నరు. నేను గట్ల అన. మీరు ప్రేమతోనే చేసిండ్రు, ఆయనకు ఇస్త్రీ అంగి తొడిగినట్టు చేసిండ్రు. గని ఆయన ఇస్త్రీ అంగి ఏసుకున్న మనిషి కాదు.

నిన్న పెద్దమ్మకు చెప్పిన, సారు ఫోన్ ఎత్తుతలేడు, పాట మాత్రం గ్రూపుల మంచిగ మోగుతుంది అని. ఆమె కండె పుల్ల తుడుచుకుంట అన్నది, "పాట ఆయన్నే ఉంచుకొమ్మను. చప్పుడు నాకు తెచ్చియ్యుమను."

గందుకే గిది పేపర్‌కు రాస్తున్న. సారూ, నాకు కాపీ వద్దు, కంప్యూటర్ ముక్క వద్దు. బూడిద కాయితం అంటిచ్చిన గా క్యాసెట్టే కావాలె, ఉన్నది ఉన్నట్టు. స్టూడియో పిల్లగాడు దాని మీద ఇంకేదన్న రికార్డింగ్ ఎక్కిచ్చిండా, లేదా, గది కూడ దాచకుండ చెప్పాలె. వచ్చే అమాసకు రైలు దిగి మీరే తెచ్చియ్యాలె. తెస్తున్నరా లేదా అనేది అమాసకు ముందటి నాడు పొద్దుగూకే లోపల నాకు ఫోన్ చేసి చెప్పాలె. చాచా వస్తడు, బొబ్బర్లు ఉడుకుతయి, నీలం క్యాసెట్ కూడ పట్టుకొని రండ్రి, కొట్లాడుదం.

ఫోన్ రాకపోతే అమాస పొద్దున పెద్దమ్మను బండి ఎక్కిచ్చుకొని భువనగిరిల మీ గేటు ముందట దించుత. ఆమె మిమ్ముల ఒక్క మాట అనది. రాట్నం తెచ్చుకుంటది, సాప ఏసుకుంటది, కండెలు చుట్టుకుంట కూసుంటది. గా చప్పుడును ఏ కంప్యూటర్‌తోని తీపిస్తరో నేనూ చూస్త.